జొన్నల గుమ్మిలో సీసా

జగదేవి సంచిలో ముందుగా ఆకుపచ్చ చీర పెట్టింది. దాని మీద రెండు నూలు చీరలు, జాకెట్లు, తువ్వాలు, సబ్బుపెట్టె, దువ్వెన. అన్నీ పెట్టాక ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ బయటికి తీసింది. ఆకుపచ్చ చీర ఒక్కటి మంచం మీద పడేసి, మిగతావి తిరిగి సర్దింది.

ఆ చీర రేపటికని తెచ్చింది. రేపు ఎల్లమాస, చేనుకు పూజ చేసే అమావాస్య. కొత్త కోడలు మొదటి ఎల్లమాస నాడు పచ్చచీర కట్టుకుని, గింజలన్నీ ఉడికించిన భజ్జీలో రొట్టె కలిపి, చేను చుట్టూ తిరుగుతూ చరగ చల్లాలి. భూమికి పెట్టే తొలి ముద్ద అది; వెనకాలే నడుస్తూ పెద్దకొడుకు దాన్ని కొంత దోసిట పట్టాలి. అది చల్లేదాకా కొత్త కోడలు ఊరి పొలిమేర దాటకూడదు. జగదేవి భర్త రేవప్ప ఇంట్లో నాలుగు తరాల కట్టుబాటు. జగదేవి దాటలేదు. ఆమె అత్త దాటలేదు.

ఇవాళ ఆ కట్టుబాటును రేవప్పే తెంచాడు.

"ఆ పిల్లను బీదర్ బస్సెక్కియ్యి. వాళ్ళ చిన్నమ్మ ఇంటికి పోతది" అన్నాడు పెళ్ళాంతో. అని, స్నానం చేసి, విభూతి పెట్టుకుని లింగపూజకు కూర్చున్నాడు. రోజూ పావుగంటలో లేచి విత్తనాల దుకాణానికి పోయే మనిషి, ఏడింటికి కూర్చున్నవాడు ఏడున్నరయినా కళ్ళు తెరవలేదు. తెరిస్తే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారాయె.

ఆరింటికి పొయ్యి దగ్గర కోడలు సుప్రీత చెప్పిన మాటలు ఇంకా ఇంట్లోనే తిరుగుతున్నాయి. గొంతు పెంచకుండా, రొట్టె పిండి తడుపుతూ చెప్పింది.

"అత్తమ్మా, నాకు పుట్టినప్పటి సంది హెచ్ఐవి ఉన్నది. నన్ను కన్న అవ్వ నుంచి వచ్చింది. మీ కొడుక్కు పెండ్లికి ముందే చెప్పిన. రోజుకొక గోలీ మింగితే ఏం కాదు, ఎవరికీ అంటదు. అయినా జాగ్రత్తగనే ఉన్నం. మంగళారం రాత్రి నిరోధ్ చినిగింది. డెబ్బైరెండు గంటల లోపల ఈన మందు మొదలుపెట్టాలె. నిన్న పొద్దంత కాళ్ళు పట్టుకున్న. వింటలేడు. మీరన్న చెప్పుండ్రి."

అంతే. పెళ్ళయి నెల నిండని పిల్ల, అత్తమామలకు చెప్పకూడనివన్నీ ఒక్క గుక్కలో చెప్పేసి, పిండి చేతులు కడుక్కుంది. తన బతుకు ఆ ఇంట్లో ఆ నిమిషంతో సరి అని తెలిసే చెప్పింది.

జగదేవి సంచి జిప్పు లాగబోయి ఆగింది. గది మూలన జొన్నల గుమ్మి ఉంది. అటు చూడకూడదనుకుంటూనే చూసింది.

ఆ గుమ్మిలో, మోచేతి లోతున, ఒక తెల్ల సీసా ఉంది. పెట్టింది తనే.

పెళ్ళయిన ఐదో రోజు కోడలి పెట్టెలో కనిపించింది. చీటీ గీకేసిన సీసా. దీపం పెట్టే వేళ పిల్ల లోపలికి పోయి, ఎవరూ చూడకుండా ఒక గోలీ నోట్లో వేసుకోవడం అంతకు ముందు రెండు సార్లు చూసింది. పక్కింటి భీమమ్మను అడిగితే, "ఇంకేం గోలీలుంటయ్? పిల్లలు గాకుండ మింగేటియి. ఇప్పటి పోరిలు అందరు మింగుతరు. నీకు మనుమడు కావాల్నంటే దాచిపెట్టు" అంది. జగదేవి దాచిపెట్టింది. గట్టి పని చేశానని ఆ పూట రెండు రొట్టెలు ఎక్కువే తింది.

ఆ మాటకు ఇవాళ్టికి ఇరవై నాలుగు రోజులు.

ఇప్పుడు మింగలేదు, కక్కలేదు.

*

నడిమింట్లో మళ్ళీ మొదలయింది.

"నేను రాను. ఎన్ని సార్లు చెప్పాలె?" కొడుకు శివానంద్ గొంతు. వాడు గోడకు ఆనుకుని, మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. ఇరవై ఏడేళ్ళవాడు, రాత్రంతా నిద్రలేక నలభై ఏళ్ళవాడిలా ఉన్నాడు.

"నన్ను బీదర్ పంపినా సరే, నువ్వు సంగారెడ్డి పో" అంది సుప్రీత. "పెద్ద దవాఖానల ఇస్తరంట. సంధ్యారాణి అక్క ఫోన్లనే అడిగి చెప్పింది. ఇరవై ఎనిమిది రోజులు మింగాలె. గంతే గద."

సంధ్యారాణి బీదర్‌లో సుప్రీత మందులు తీసుకునే చోట సలహాలు చెప్పే మనిషి. పదేళ్ళప్పటి నుంచీ ఈ పిల్లను ఎరిగినది.

"గంతేనా? నేను ఆ మందు మింగితే నిన్ను చూసి భయపడ్డట్టే. పెండ్లికి ముందు ఏమన్న నీతోని? నీ రోగంతోని నాకు భయం లేదన్న. నెల తిరగకముందే దవాఖానకు ఉరుకాల్నా?"

"భయపడు. జర భయపడు. నాకోసమన్న భయపడు."

"అరే, ఆ అక్కనే చెప్పింది గద అప్పుడు? గోలీ రోజు మింగి, రక్తంల పురుగు కనపడకుంట ఉంటే అంటదని. నువ్వు మొన్న శనివారం చెప్పినవ్, గోలీలు అయిపోయినయని. మంగళారానికి ఎన్ని రోజులు? మూడు. మూడు రోజులకు ఏమైతది?"

సుప్రీత చూపు నేలకు దించింది.

"చెప్పు. మూడు రోజులకు ఏమైతది?"

"డాక్టర్ చెప్తడు. నువ్వు డాక్టర్‌వి గావు."

"నువ్వు చెప్పు."

ఆ పిల్ల నోరు విప్పలేదు. గదిలో జగదేవి మంచం పట్టె గట్టిగా పట్టుకుంది. మూడు కాదురా, అని నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, అక్కడే కూలబడింది.

ఎందుకు చెప్పదు ఈ పిల్ల? ఇరవై నాలుగు రోజులని చెప్తే అయిపోయె. సీసా ఏమైందని అడుగుతాడు. పెట్టెలోంచి పోయిందంటే ఎవరు తీశారంటాడు. ఇంట్లో ఉండేది నలుగురు. అందుకని చెప్పదు. అంటే ఈ పిల్లకు ఎరుకే.

ఆ ఆలోచన రాగానే జగదేవి సంచి అందుకుని గుమ్మంలోకి వచ్చింది.

"ఓ జగదేవీ! ఉలవలు నానబెట్టినవా? మా ఇంట్ల సాలుతలెవ్వు."

భీమమ్మ. గిన్నె చంకన పెట్టుకుని, పిలుపు పూర్తికాకముందే నడిమింట్లోకి వచ్చేసింది. శివానంద్‌ను చూసింది, సుప్రీతను చూసింది, గది గుమ్మంలో జగదేవి చేతిలోని సంచిని చూసింది.

"ఏందే, ఎల్లమాస ఎదురుగ పెట్టుకొని సంచి కట్టినవ్? ఎవరు పోతున్నరు?"

"మా అల్లుడికి... కాదు, చెల్లెకు జరం" అంది జగదేవి.

"నీకు చెల్లె యాడున్నదే?"

"పెదనాయిన బిడ్డ."

"ఓ." భీమమ్మ ఆ మాటను నమిలి చూసి, రుచి కుదరక పక్కన పెట్టింది. సుప్రీత వైపు తిరిగింది. "ఏం పిల్లా, మొఖం గట్ల గుంజుకపోయింది? నీళ్ళు పోసుకున్నవా ఏంది? ఆ గోలీలు బందువెట్టినంక..."

"భీమా! ఉలవలు ఇస్త రా!" జగదేవి అరిచినంత పని చేసింది. చేయి పట్టి వంటింట్లోకి లాక్కెళ్ళి, నానబెట్టిన ఉలవలు సగం ఆమె గిన్నెలో కుమ్మరించింది.

"గిన్నెడు ఎందుకే? దోసెడు సాలు."

"కొంచపో."

భీమమ్మ వెనక్కి వెనక్కి చూస్తూ పోయింది. రేవప్ప కళ్ళు మూసుకునే ఉన్నాడు, కానీ పెదవులు కదలడం ఆగిపోయింది.

శివానంద్ లేచి నిలబడ్డాడు.

"ఏం గోలీలు అవ్వా? భీమక్క ఏమంటున్నది?"

"దానికేం తెలుసురా. నోటికెంతొస్తే గంత."

"ఏం గోలీలు బందువెట్టినంక?"

జగదేవి కోడలి ముఖం చూసింది. సుప్రీత కళ్ళతోనే వద్దన్నట్టు తల కొంచెం ఊపింది. "బ్యాడ అత్తమ్మా" అంది మెల్లిగా, వాళ్ళ బీదర్ మాటలో. "బ్యాడ. ఇప్పుడు ఆ మాట బ్యాడ."

తనను కాపాడుతోంది. తను ఇంట్లోంచి పంపించేయడానికి సంచి సర్దుతుంటే, ఆ పిల్ల తనను కొడుకు దగ్గర కాపాడుతోంది. అదేమన్నా బాకీనా? ఏ జన్మలోదో?

జగదేవికి మల్లప్ప గుర్తొచ్చాడు. తోడబుట్టిన అన్న, లారీ డ్రైవరు. ఇరవై ఏళ్ళ కిందట, ఈ రోగానికి సరైన మందు పల్లెల దాకా రాని రోజుల్లో, పుట్టింటి అరుగు మీద అతనికి పళ్ళెం వేరు, చెంబు వేరు. ఒకరోజు మీరజ్ దవాఖానకు పోతానని లేచాడు. సంచి తనే సర్దింది. ఆ సంచిలో అతని పళ్ళెం కూడా పెట్టింది, ఇంట్లో ఉంటే ఎవరైనా ముట్టుకుంటారని. అన్న ఆ పళ్ళెం చూసి నవ్వాడు. "మంచిపని జేసినవ్ చెల్లె" అన్నాడు. మళ్ళీ రాలేదు. అన్న పోయిన బాధ ఎప్పుడో మొద్దుబారింది. ఆ పళ్ళెం మాత్రం మొద్దుబారలేదు.

జగదేవి గదిలోకి నడిచింది. గుమ్మి మూత తీసి, కొంగు దోపుకుని, జొన్నల్లోకి చేయి పెట్టింది. మోచేయి దాకా పోయినా తగల్లేదు. ఇంకా వంగింది. గింజలు జారి నేల మీద పడుతున్నాయి. చివరికి వేలికి నున్నగా తగిలింది.

కొంగులో చిక్కిన గింజలు నడిమింట్లో రాలుతుండగా, తెచ్చి కొడుకు చేతిలో పెట్టింది.

"ఇవ్వేనా?" అంది సుప్రీతతో.

సుప్రీత తలూపింది.

శివానంద్ మూత తిప్పాడు. పీట మీద తుండుగుడ్డ పరిచి గోలీలు కుమ్మరించాడు. ఒక్కొక్కటే వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టాడు. లెక్క అయ్యాక మళ్ళీ మొదటి నుంచి లెక్కపెట్టాడు.

"ఇరవై ఆరు" అన్నాడు. "సీసకు ముప్పై. నాలుగే మింగినవ్."

మూత పక్కన పెట్టి తల్లి వైపు తిరిగాడు.

"ఎప్పుడు దాచిపెట్టినవ్ అవ్వా?"

"పెండ్లయిన ఐదో రోజు."

"ఎందుకు?"

"పిల్లలు గాకుండ మింగుతున్నదనుకున్న. నాకేమెరుక రా. ఒక్క మాట... ఒక్కరన్న ఒక్క మాట చెప్పకపోతిరి."

"అడిగితే చెప్తుంటి."

"ఏమని అడుగుత? దొంగతనం చేసి ఏమని అడుగుత?"

శివానంద్ పెళ్ళాం వైపు తిరిగాడు. "నువ్వు? ఇరవై నాలుగు రోజులు నాకు చెప్పకపోతివి. శనివారం దాకా మింగినట్టే మాట్లాడితివి."

"నిన్న చెప్దామనుకున్న." సుప్రీత గోలీల వైపే చూస్తూ అంది. "చెప్తే అవ్వ మీదికి పోతవ్. కొత్తగ వచ్చి, తల్లికి కొడుక్కు కొట్లాట పెట్టిందంటరు. ఎల్లమాస అయినంక బీదర్ పోయి కొత్త సీస తెచ్చుకుందామనుకున్న. నాలుగు వారాలే గద, అనుకున్న. తప్పే. నాది తప్పే. పొలిమేర దాటద్దన్నరు. దాటకపోతి."

"దాటి ఉంటే ఏమైతుండె?" అన్నాడు శివానంద్. "భూమి కోప్పడుతుండెనా?"

"నన్నడుగుతవేం? మీ అప్పనడుగు."

అందరూ దేవుడి గూటి వైపు చూశారు. రేవప్ప కళ్ళు తెరిచే ఉన్నాడు. ఎప్పుడు తెరిచాడో తెలీదు. లింగం మెడలోకి వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టి మెల్లిగా లేచాడు.

"సంగారెడ్డి పోతే మనోళ్ళు ఎవరో ఒకరు కనపడరా? ఏ వార్డు ముందట కూసున్నరని చూడరా?" అన్నాడు. "ఎల్లమాస కానియ్యండ్రి. శనివారం కారు మాట్లాడి హైదరాబాద్ తీస్కపోత. పైసలైనా పర్వాలేదు."

"శనివారానికి టైము అయిపోతది మామా" అంది సుప్రీత. "రేపు రాత్రి దాకనే. అది గూడ ఆఖరు. ఎంత జల్ది మొదలువెడితే అంత మంచిది. ఇప్పటికే ఒకటిన్నర రోజు పోయింది."

"రేపు చేన్ల పెద్దకొడుకు లేకపోతే చరగ ఎవరు పడుతరు?"

జగదేవికి ముప్పై ఏళ్ళ కాపురంలో ఎన్నడూ రాని విసుగు వచ్చింది. కోపం కూడా కాదు. కోపానికి బలం కావాలి.

"నేను పడుత" అంది.

"ఆడిది పడుతదా?"

"నేనే పడుత. లేకపోతే పక్షులు పడుతయ్. ఏమయ్యా, ఇరవై ఏండ్ల కింద నా అన్నను మావోళ్ళు, మీరు అందరు కలిసి అరుగు మీద కూసోబెడ్తిరి. నేను గూడ కూసోబెడ్తి. అప్పుడు మందు లేకుండె. ఇప్పుడు మందున్నది, గంటలు లెక్కగట్టి చెప్తున్నరు. మందున్నంక గూడ కొడుకును పోగొట్టుకుందమా, చరగ కోసం?"

రేవప్ప భుజం మీది తువ్వాలు సర్దుకుని వాకిట్లోకి పోయాడు. అవునన్నట్టో కాదన్నట్టో ఎవరికీ తెలియలేదు. ఆ ఇంట్లో అతని అంగీకారాలన్నీ అట్లాంటివే.

శివానంద్ గోలీలను తిరిగి సీసాలో పోస్తున్నాడు. ఒకటి కిందికి దొర్లి జొన్నగింజల్లో కలిసింది. దాన్ని ఏరి, ఊది, లోపల వేశాడు.

"పోదాం" అన్నాడు.

అది విని సుప్రీత గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. ఏడుస్తుందనుకుంది జగదేవి. ఏడవలేదు. రెండు రోజులుగా మోసిన బరువు దించినదానిలా, అరచేతులు నేలకు ఆనించి ఊరికే కూర్చుంది.

*

తొమ్మిదింబావుకు సంగారెడ్డి బస్సు. టైము ఎనిమిదిన్నర దాటింది.

జగదేవి రొట్టెలు రెండు గుడ్డలో చుట్టింది. తిననని శివానంద్, పట్టుకోమని ఆమె. చివరికి సుప్రీత తీసుకుని సంచిలో పెట్టింది. పెడుతూ మంచం మీద పడి ఉన్న ఆకుపచ్చ చీరను చూసింది.

జగదేవి ముఖం కాలిపోయింది. గబగబా ఆ చీర మడిచి తెచ్చింది.

"ఇది గూడ పెట్టుకో బిడ్డా. తొందరల మరిచిపోయిన."

మరిచిపోలేదని ఇద్దరికీ తెలుసు.

సుప్రీత చీర అంచు ఒకసారి వేళ్ళతో తడిమింది. మళ్ళీ మంచం మీదే పెట్టి, మడత నలగకుండా సర్దింది.

"ఇది ఈడనే ఉండనీ అత్తమ్మా."

"మరి నువ్వు..."

"ఈడ కట్టుకోనీకి తెచ్చిండ్రు గద. ఈడనే ఉండనీ."

వచ్చి కట్టుకుంటాననా? నాకొద్దనా? జగదేవి అడగలేకపోయింది. అడగాల్సినవి ఒకటి కాదు, వంద ఉన్నాయి. నన్ను తిట్టు అని అడగాలనుంది. సంచి ఎందుకు సర్దానో తెలిసీ ఆ సంచే భుజాన వేసుకుని పోతున్నావేమే అని అడగాలనుంది. నోరు మాత్రం, "సీస పెట్టుకున్నవా? దవాఖానల చూపియ్యి, ఏ మందో ఎరుకైతది" అంది.

"పెట్టుకున్న."

"దారిల మింగు ఒకటి. ఇయ్యాల్టిది."

"డాక్టర్‌ను అడిగి మింగుత. మధ్యల బందయింది గద."

శివానంద్ బస్టాండు దాకా పోవడానికి బండి తీశాడు. గల్లీ మలుపులో భీమమ్మ గిన్నె పట్టుకుని నిలబడే ఉంది. సుప్రీత సంచి ఒళ్ళో పెట్టుకుని, భర్త భుజం మీద చేయి వేయకుండా, బండి వెనక కడ్డీ పట్టుకుని కూర్చుంది. మలుపు తిరిగేటప్పుడు ఒకసారి వెనక్కి చూసింది. ఇంటిని చూసిందో, జగదేవిని చూసిందో.

వాకిట్లో వేపపుల్లతో పళ్ళు తోముతున్న రేవప్ప, రెండోసారి తోముతున్నానని మరిచిపోయాడు.

*

పగలంతా జగదేవి భజ్జీకి గింజలు ఉడకబెట్టింది. పచ్చికందులు, అనుములు, చిక్కుడు, మిగిలిన ఉలవలు. ఉప్పు వేసిందో లేదో గుర్తులేక రెండుసార్లు వేసింది. గోడ గడియారం కిందే పీట వేసుకుని కూర్చుంది.

రెండున్నరకు ఫోను మోగింది.

"మింగిన అవ్వా" అన్నాడు శివానంద్. దవాఖాన సందడి వెనక వినిపిస్తోంది. "మొదటి గోలీ ఈడనే మింగిపిచ్చిండ్రు. టైములనే వచ్చినవన్నరు. రక్తం తీసిండ్రు, ఇప్పటికైతే ఏం లేదంట. ఇరవై ఎనిమిది రోజులు ఒక్కటి గూడ తప్పద్దంట. ఆరు వారాలకు, మల్ల మూడు నెలలకు పరీక్షలు."

"ఎవరన్న ఏమన్న అన్నరా?"

"ఎవరేమంటరు? డాక్టరమ్మ కుర్చీ ఏసి కూసోబెట్టి మాట్లాడింది."

కుర్చీ వేసి కూర్చోబెట్టింది. జగదేవి ఆ మాట రెండుసార్లు మనసులో అనుకుంది. మల్లప్పకు అరుగు.

"పిల్ల?"

"ఆమెకు గూడ రక్తం తీసిండ్రు. మందు మల్ల మొదలువెట్టమన్నరు. బయట బెంచీ మీద కూసున్నది."

"ఫోనియ్యి. ఒక్క మాట మాట్లాడుత."

ఫోను చేతులు మారిన చప్పుడు. తర్వాత ఊపిరి. ఎవరి ఊపిరో తెలిసింది.

"సుప్రీతా... తిన్నరా బిడ్డా?"

అటు నుంచి ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్న నర్సు గొంతు వినిపించింది.

"నేను తెల్వక చేసిన. తెలిసుంటే..." తెలిసుంటే ఏం చేసేది? తెలిసుంటే పెళ్ళే కానిచ్చేది కాదు. అది తనకూ తెలుసు, అవతల ఉన్న పిల్లకూ తెలుసు. మాట అక్కడే విరిగింది.

"రొట్టెలు తిన్నం అత్తమ్మా" అంది సుప్రీత చివరికి. "బాగున్నయి."

ఫోను కట్టయింది.

సుప్రీతను బీదర్‌లో చిన్నమ్మ ఇంట్లో దింపి, శివానంద్ శనివారం సాయంత్రం ఒక్కడే వచ్చాడు, చేతిలో తన మందుసీసా ఒకటి. ఆకుపచ్చ చీర మంచం మీద పెట్టిన చోటే ఉంది.

సుప్రీత రాలేదు. ఎల్లమాస ముందురోజు, డిసెంబరు పద్దెనిమిది, గురువారం, తొమ్మిదింబావు బస్సుకు ఆ ఇంట్లోంచి పోయింది. మళ్ళీ ఎన్నడూ రాలేదు.